క్యాచర్ పని ప్రతి బంతినీ పట్టడం కాదు

నిన్న పొద్దున జరిగిన మ్యాచ్ ఇది. రాత్రంతా నిద్ర పట్టలేదు, కోపం ఇంకా దిగలేదు.

మావాడికి పదకొండేళ్ళు. ఇక్కడ అమెరికాలో, ఫ్రిస్కోలో, పిల్లల బేస్‌బాల్ ఆడే లిటిల్ లీగ్‌లో క్యాచర్, అంటే మన క్రికెట్‌లో వికెట్ కీపర్‌లాగా బ్యాటర్ వెనక కూర్చునేవాడు. మూడో ఇన్నింగ్స్, మూడో బేస్ మీద రన్నర్ ఉన్నాడు; బంతి క్యాచర్‌ని దాటితే పరిగెత్తుకొచ్చి రన్ తీసేస్తాడు. బంతి విసిరే పిచర్ చేతిలోంచి అది జారి, బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్‌కి అడుగు ముందే మట్టిలో పడింది. మావాడు క్షణంలో రెండు మోకాళ్ళూ నేలకి దించాడు, గ్లవ్ కాళ్ళ మధ్య ఆనించాడు, గడ్డం ఛాతీకి అదిమాడు. బంతి చెస్ట్ ప్రొటెక్టర్‌కి ధబ్బున తగిలి, రెండడుగుల ముందు పడి ఆగిపోయింది. రన్నర్ బేస్ వదల్లేదు. ఒక్క రన్ పోకుండా కాపాడాడు నా కొడుకు.

నేను చప్పట్లు కొడదామని లేచేలోపే వెనక నుంచి కేకలు. "బంతి పట్టుకో! నువ్వు క్యాచర్‌వి, పట్టుకో!" అరిచిన ముగ్గురిలో ఒకాయన మనవాడే. "బంతి పట్టడం కూడా రానివాణ్ణి అక్కడెందుకు కూర్చోబెట్టారండీ" అని పక్కాయనతో తెలుగులో అన్నాడు. మావాడికి తెలుగు బాగా వచ్చు. విన్నాడు.

అయ్యా, మట్టిలో పడ్డ బంతిని పట్టకూడదు. ఆపాలి. అవి రెండూ వేరు వేరు పనులు. నేలకి తగిలిన బంతి ఎటు లేస్తుందో ఎవరికీ తెలియదు. దాన్ని పట్టబోయి గ్లవ్ ముందుకు చాపితే కాళ్ళ మధ్య సందు తెరుచుకుంటుంది, బంతి అందులోంచి దూరిపోతుంది. అందుకే గ్లవ్ ఆ సందుకి తలుపులాగా ఉంటుంది, అంతే. బంతిని ఆపేది ఛాతీ. భుజాలు ముందుకు వంచి, ఒళ్ళు బిగబట్టకుండా ఊపిరి వదిలేస్తే బంతి దెబ్బ చచ్చి కాళ్ళ దగ్గరే పడుతుంది. ఒళ్ళు బిగిస్తే గోడకి కొట్టినట్టు ఎగిరిపోతుంది. బంతి పక్కకి పడితే ఆ వైపు మోకాలు ముందు కదలాలి, భుజాలు మాత్రం ప్లేట్ వైపే తిరిగి ఉండాలి, తగిలిన బంతి పక్కకి పారిపోకుండా.

అన్నిటికంటే కష్టం మొహం తిప్పకపోవడం. దాదాపు 145 గ్రాముల గట్టి బంతి మీదికొస్తుంటే ఏ మనిషైనా మొహం పక్కకి తిప్పుకుంటాడు. తిప్పితే మాస్క్ లేని మెడా, చెవి వెనక భాగమూ బయటపడతాయి. ఆ భయాన్ని పదకొండేళ్ళవాడు జయించాలి. మావాడు జయించాడు. మూడు నెలలుగా రోజూ సాయంత్రం గరాజ్‌లో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, నేను విసిరిన టెన్నిస్ బంతుల్ని ఛాతీతో ఆపాడు. కన్ను ఆర్పకూడదని వాడే నియమం పెట్టుకున్నాడు. వాడి కుడి జబ్బ లోపలివైపు చూడండి, ప్రొటెక్టర్ కప్పని చోట, కమిలి నీలంగా ఉంది. ఆ మచ్చ మాన్తుంటే మళ్ళీ అక్కడే తగులుతుంది.

ఆ కేకల ఫలితం ఐదో ఇన్నింగ్స్‌లో కనిపించింది. మళ్ళీ మూడో బేస్ మీద రన్నర్, మళ్ళీ మట్టిలో బంతి. ఈసారి మావాడు మోకాళ్ళు దించలేదు. పట్టుకోమన్నారు కదా, చెయ్యి చాపాడు. బంతి గ్లవ్ కిందనుంచి దూరి వెనకున్న కంచెకి, బ్యాక్‌స్టాప్‌కి కొట్టుకుంది. రన్ వచ్చింది. ఒక్క రన్ తేడాతో ఓడిపోయాం. మూడు నెలల సాధనని ఒక్క కేకతో చెడగొట్టారు.

ఈ ఆటలో నింద ఎప్పుడూ వెనక కూర్చున్నవాడికే. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్, 1941, నాలుగో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, బ్రూక్లిన్ డాడ్జర్స్ 4-3తో ముందున్నారు. యాంకీస్ బ్యాటర్ టామీ హెన్రిచ్ మూడో స్ట్రైక్‌కి ఊపి మిస్సయ్యాడు; క్యాచర్ ఆ బంతి పట్టి ఉంటే అతను అవుట్, మ్యాచ్ అక్కడితో అయిపోయేది. బంతి క్యాచర్ మికీ ఓవెన్‌ని దాటిపోయింది, హెన్రిచ్ ఫస్ట్ బేస్‌కి పరిగెత్తాడు. ఆ తర్వాత దెబ్బ మీద దెబ్బ తిన్నది డాడ్జర్స్ పిచర్ హ్యూ కేసీ. యాంకీస్ 7-4తో గెలిచారు. ఓవెన్ నాలుగుసార్లు ఆల్‌స్టార్ జట్టుకి ఎంపికైనవాడు. అయినా జనానికి గుర్తున్నది ఆ ఒక్క బంతే.

మన క్రికెట్ మాత్రం ఏం తక్కువ? కాలేజీలో మూడేళ్ళు కీపింగ్ చేశాను. లెగ్ స్టంప్ బయట పిచ్ అయి అడ్డదిడ్డంగా తిరిగిన బంతి నన్ను దాటి నాలుగు బైలు పోతే, ఆ నాలుగూ బౌలర్ లెక్కలో పడవు. వాడి ఫిగర్స్ శుభ్రంగా ఉంటాయి. తిట్లు నాకు. ఎండలో ఇన్నింగ్స్ మొత్తం కూర్చుని లేచి కూర్చుని లేచినందుకు ఒక్క సీనియర్ కూడా "బాగా ఆపావురా" అనలేదు. ఆ మాట కోసం ఎదురుచూసిన సంగతి ఇన్నేళ్ళ తర్వాత కూడా మర్చిపోలేదు నేను.

మన విశాఖ కుర్రాడు కె.ఎస్. భరత్‌నే చూడండి. 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు. అశ్విన్, జడేజా బంతి గిర్రున తిరిగే పిచ్‌ల మీద స్టంప్స్‌కి అతుక్కుని కీపింగ్ చేశాడు. టీ కొట్టు దగ్గరైనా వాట్సాప్‌లోనైనా ఒకటే ప్రశ్న: రన్స్ ఎన్ని కొట్టాడు? ఆపినవి ఎవరు లెక్కపెట్టారు?

ఇంకొకటి, ఇదే నన్ను ఎక్కువ మండిస్తోంది. ఫోన్‌లో స్కోరు ఎక్కించే ఆయన ఐదో ఇన్నింగ్స్ బంతిని పాస్‌డ్ బాల్ అని రాశాడు. అంటే తప్పు క్యాచర్‌ది. మట్టిలో పడి దాటిపోయిన బంతి వైల్డ్ పిచ్ అని, అది పిచర్ లెక్కలోకే వెళ్ళాలని రూల్ బుక్‌లోనే ఉంది. రాత్రి మావాడు ఆ స్కోరు తెరిచి తన పేరు పక్కన ఆ ఒకటి అంకె చూస్తూ కూర్చున్నాడు. అన్నం సగమే తిన్నాడు. వాడి తప్పు లేదని నేను చెబితే, "మరి ఇక్కడ రాశారుగా నాన్నా" అన్నాడు.

మార్చమని రాత్రి పది గంటలకి ఆయనకి మెసేజ్ పెట్టాను. చదివినట్టు చూపిస్తోంది. జవాబు లేదు. మధ్యాహ్నం మళ్ళీ పెడతాను, రూల్ ఫొటో తీసి మరీ.