పిల్లల విల్లుకు మూడో వారానికే సైటు ఎందుకు?

పోయిన ఆదివారం మా అక్క కొడుకు విల్లు మీద నుంచి సైటు, అంటే గురి చూసుకోవడానికి బిగించే చిన్న పరికరం, ఊడదీశాను. పదమూడేళ్ల పిల్లవాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "మామా, అది లేకపోతే నేను పసుపులో కొట్టలేను" అన్నాడు. పసుపంటే లక్ష్యం నడిమధ్య వలయం. ఆ మాట విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కడప చుట్టుపక్కల విలువిద్య నేర్పేవాళ్లూ, పిల్లల్ని నేర్చుకోవడానికి పంపే తల్లిదండ్రులూ ఓపికగా చదవాలని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

నేను పన్నెండేళ్లుగా వెదురు విల్లుతో బాణాలు వేస్తున్నాను. దానికి సైటు ఉండదు. అంతకు ముందు నాలుగేళ్లు రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగి ఉండే, ఒలింపిక్స్‌లో వాడే రకం), సైటు పెట్టుకునే వేశాను. కాబట్టి సైటు మీద నాకు ఏ పగా లేదు. నా కోపమంతా దాన్ని బిగించే తొందర మీద.

మావాణ్ణి ఒక శిక్షణ కేంద్రంలో చేర్పించాం. మూడో వారానికే సైటు పెట్టేశారు. నాలుగో వారం వాళ్ల నాన్న ఫోనుకు వీడియో వచ్చింది, మూడు బాణాలూ పసుపు వలయంలోనే. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. నేను ఆ వీడియోలో బాణాలను చూడలేదు, వాడి కుడిచేతిని చూశాను. నారి వదిలే క్షణంలో వేళ్లు చెంప నుంచి బయటికి ఎగిరిపోతున్నాయి. కుడిచేతివాటం ఉన్నవాడు అలా వదిలితే బాణం ఎడమకు పోతుంది. మరి పసుపులో ఎలా పడింది? సైటును ఎడమకు జరిపారు కాబట్టి. ఎడమకు జరిగిన సైటును పసుపు మీదికి తేవాలంటే విల్లును కుడికి తిప్పాల్సిందే.

సైటు వాడే ప్రతి ఒక్కరికీ మొదటి రోజే చెప్పే సూత్రం ఇది: బాణాలు ఎటు పోతే సైటును అటు జరుపు. పైకి పోతే పైకి, ఎడమకు పోతే ఎడమకు. చేయి కుదిరినవాడికి ఇది బంగారంలాంటి సూత్రం. గాలి మారినా, దూరం మారినా రెండు మరలు తిప్పి సరిచేసుకుంటాడు. చేయి కుదరని పిల్లవాడికి మాత్రం ఇదే సూత్రం తప్పును దాచిపెట్టే మూత అవుతుంది. వేళ్లు తప్పు చేస్తాయి, మర సర్దుతుంది. వారం వారం అలా జరుపుకుంటూ పోతే మా వాడి సైటు ఎడమ చివరకు చేరింది. ఆ తర్వాత జరపడానికి మర మిగల్లేదు. పోటీలో భయంతో చేయి బిగుసుకుని, నాలుగు బాణాలకు వేళ్లు సరిగ్గా వదిలాడు. ఆ నాలుగూ కుడివైపు అంచునున్న తెల్ల వలయంలో పడ్డాయి. సరిగ్గా చేసినప్పుడే ఓడిపోయాడు వాడు. ఆ పిల్లవాడికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఇది రాస్తుంటే వెదురు విల్లు పట్టే నా స్నేహితులు తలలూపుతారని తెలుసు. "మేం ఎప్పటి నుంచో చెప్పడం లేదా, సైటు అంటేనే మోసం, నిజమైన విలుకాడు గురి చూడడు, బాణమే దారి వెతుక్కుంటుంది" అంటారు. వాళ్లతోనూ నాకు తగాదా ఉంది.

గురి చూడకుండా వేసే బాణం అంటూ లేదు. మన వెదురు విల్లు బాణం సెకనుకు 50 మీటర్ల వేగంతో పోతుందనుకుందాం. 10 మీటర్ల దూరం చేరడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఆ కాస్త వ్యవధిలోనే అది 20 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 30 మీటర్లకు 0.6 సెకను పడుతుంది. అప్పుడు జారేది 20 సెంటీమీటర్లకు మూడింతలు కాదు, తొమ్మిదింతలు, అంటే దాదాపు ఒకటిముప్పావు మీటరు. మనిషి ఎత్తంత. లక్ష్యానికి నేరుగా పెట్టి వదిలితే బాణం దాని కాళ్ల దగ్గర నేలలో గుచ్చుకుంటుంది. మరి ఉట్టి కంటితో వేసేవాడి బాణం ఎందుకు తగులుతుంది? ఎంత పైకి ఎత్తాలో వాడి ఎడమచేతికి తెలుసు కాబట్టి. ఎలా తెలిసింది? వేల బాణాలు వేశాడు కాబట్టి. బంతి విసిరే పిల్లవాడు కోణాలు లెక్క కట్టడు, అయినా లెక్క జరుగుతూనే ఉంటుంది. దీన్ని ఇన్‌స్టింక్టివ్ షూటింగ్ అని ఇంగ్లీషు పేరుతో పిలిచి, పుట్టుకతో వచ్చే వరంలా ప్రచారం చేయడం తప్పు. పది రోజులు వేసి తగలకపోతే "నాకు ఆ వరం లేదు" అని విల్లు పక్కన పడేసిన పిల్లల్ని నేను చూశాను.

వరం అనగానే అందరూ చెంచుల పేరు చెబుతారు. ఒక ఏడాది కనుమకు అహోబిలం పారువేట చూడటానికి వెళ్లాను. చెంచులక్ష్మి పుట్టింటివాళ్లుగా స్వామి పల్లకీ ఎదుట చెంచులు విల్లమ్ములతో నిలబడే ఉత్సవం అది. మరునాడు అక్కడే ఒక పెద్దాయనతో మాట కలిసింది. దూరంగా ఎండిన మొద్దు కనిపిస్తే, దానికి బాణం వేసి చూపించమని అడిగాను. ఆయన విల్లు తీసుకుని నడక మొదలుపెట్టాడు. నడుస్తూనే ఉన్నాడు. మొద్దుకు పదిహేను అడుగుల దూరానికి వెళ్లి ఆగి, వేశాడు. నడిమధ్యలో దిగింది. "మనం నిలబడ్డ చోటి నుంచే వేయవచ్చు కదా పెద్దాయనా?" అన్నాను. "దగ్గరికి పోవడానికి కాళ్లుండగా అంత దూరం నుంచి ఎందుకు వేయాలి నాయనా?" అన్నాడు.

ఆ ఒక్క జవాబుతో నా బుర్రలో చాలా చిక్కులు విడిపోయాయి. అడవిలో బాణానికి ముందు నడక ఉంది. అలికిడి కాకుండా దగ్గరికి చేరడమే అక్కడ అసలు విద్య. చేరాక, అంత దగ్గరి నుంచి, చేతికి తెలిసిన కోణమే చాలు. ఒలింపిక్స్‌లో రికర్వ్ విలుకాడు 70 మీటర్ల గీత దాటి ఒక్క అడుగు వేయకూడదు. ఎదురుగా ఉన్న పది పాయింట్ల వలయం అడ్డంగా 12.2 సెంటీమీటర్లు, సాసరంత. అక్కడ సైటు పెట్టుకోవడాన్ని మోసం అనడం అజ్ఞానం. ఆ పెద్దాయన పనికి సైటు అక్కర్లేదు, ఈ ఆటకు కావాలి. రెండు పనులు వేరు.

చేతి నేర్పు మీద అతి నమ్మకం ఎక్కడికి తీసుకుపోతుందో దశరథుడి కథ మనకు చెప్పింది. ఏనుగు నీళ్లు తాగుతున్న చప్పుడనుకుని శబ్దభేది వేశాడు. తగిలింది. తగిలినందుకే జీవితాంతం ఏడ్చాడు. తన నైపుణ్యం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోని విలుకాడిని చూసినప్పుడల్లా నాకు ఆ కథే గుర్తుకొస్తుంది.

ఇంకో సంగతి, మనసు నొప్పించేదే అయినా చెప్పాలి. సైటు పాపం అనేవాళ్లలో కొందరు విల్లు ముందుభాగాన గోటితో చిన్న గీత పెట్టుకుంటారు. కొందరు వెదురు కణుపును సరైన ఎత్తులో వచ్చేలా ఎంచుకుంటారు. అది సైటు కాక మరేమిటి? బేర్‌బో (సైటు లేని విల్లు) పోటీల్లో విల్లు కిటికీ (పిడి పైన బాణం పక్కన ఉండే కోత) దగ్గర గురికి పనికొచ్చే గుర్తు, మచ్చ, ఉబ్బు ఏదీ ఉండకూడదని నియమం పెట్టింది ఊరికే కాదు. ఆ పోటీల్లో ఆడేవాళ్లు దాపరికం లేకుండా బాణం మొననే గురిగా వాడతారు. దూరాన్ని బట్టి నారి మీద వేళ్లను కిందికీ పైకీ జరుపుతారు. సైటు లేదు, లెక్క మాత్రం పక్కాగా ఉంది. వాళ్లను నేను గౌరవిస్తాను.

మళ్లీ పిల్లల దగ్గరికి వస్తాను. నేను అడిగేది ఒక్కటే: మొదటి ఏడాది సైటు వద్దు. మొదటి రెండు నెలలు లక్ష్యపు కాగితం కూడా వద్దు. వరిగడ్డి కట్ట ముందు ఐదడుగుల దూరంలో నిలబెట్టి, మీరు పక్కనే ఉండి, కళ్లు మూసుకుని వేయమనండి. పాదాలు ఎలా ఉన్నాయి, భుజం లేచిందా, నారి ప్రతిసారీ దవడ కింద ఒకే చోట ఆనుతోందా, వేళ్లు ఎలా వదులుతున్నాయి, వాడికే తెలుస్తుంది. తర్వాత పది మీటర్లు, కళ్లు తెరిచి, సైటు లేకుండా. ఎడమకు పోతే జరపడానికి మర ఉండదు, తననే సరిచేసుకోవాలి. మన నేల మీద ఇంకో లాభమూ ఉంది. మా మైదానం చివర నాపబండలు నిలువునా పాతిన కంచె. దూరం నుంచి వేసి గురి తప్పితే బాణం ఆ బండకు తగిలి నిలువునా చీలిపోతుంది. దగ్గరి నుంచి నేర్పితే బాణాల ఖర్చూ తగ్గుతుంది.

ఏడాది తర్వాత పెట్టండి సైటు. అప్పుడది అద్దంలా పనిచేస్తుంది. గురి కదలకుండా ఉన్నా బాణం పక్కకు పోయిందంటే తప్పు ఒంటిలో ఉందని అదే చెబుతుంది. ఉట్టి కంటితో వేసేవాళ్లకు ఈ సౌకర్యం లేదు. బాణం తప్పితే గురి తప్పిందో చేయి తప్పిందో విడదీసి చెప్పలేం, నేనూ చెప్పలేను. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

"విజయవాడ జ్యోతి సురేఖ సైటుతోనే గదా ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది" అని ఒక తండ్రి నాతో వాదించాడు. నిజమే. ఆమె కాంపౌండ్ విల్లుకు (కప్పీలతో లాగే విల్లు) సైటులో భూతద్దం కూడా ఉంటుంది. ఆ అద్దం వెనక ఎన్నేళ్ల సాధన ఉందో కూడా చూడండి. రాజస్థాన్ గిరిజన గూడెంలో వెదురు విల్లు పట్టిన లింబారాం మూడు ఒలింపిక్స్ ఆడాడు. చేయి ముందు కుదిరింది, పరికరం తర్వాత వచ్చింది. ఆ వరస తిరగబడితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూస్తున్నాను.

ఈ ఆదివారం మావాడు మళ్లీ వచ్చాడు. అలిగే వచ్చాడు. గడ్డికట్ట ముందు కళ్లు మూసుకుని నలభై బాణాలు వేశాడు. ముప్పయ్యో బాణం దగ్గర ఆగి, "మామా, నా వేళ్లు బయటికి పోతున్నాయి కదా?" అన్నాడు. నేను అప్పటిదాకా వాడికి ఆ మాట చెప్పలేదు. సైటు పెట్టె నా బీరువాలో ఉంది. వచ్చే జూన్‌లో తీసి నా చేతులతోనే బిగిస్తానని వాడికి మాట ఇచ్చాను.