సవరణ: రివేరా స్కెచ్ లేకుండా గీయలేదు

అమెరికాలోని డెట్రాయిట్ మ్యూజియంలో ఉన్న 'డెట్రాయిట్ ఇండస్ట్రీ' కుడ్యచిత్రాల గురించి మొన్న రాస్తూ, వాటిని వేసిన మెక్సికన్ చిత్రకారుడు డియేగో రివేరా ముందు స్కెచ్ ఏమీ లేకుండా నేరుగా గోడ మీదే గీసుకుంటూ పోయాడని అన్నాను. అది తప్పు. మ్యూజియం రికార్డుల ప్రకారం కథ వేరే. 1932 ఏప్రిల్‌లో ఊళ్లో దిగిన మనిషి జూలై చివరిదాకా గోడకు రంగే పెట్టలేదు. ఫోర్డ్ వాళ్ల రూజ్ కార్ల ఫ్యాక్టరీలో తిరుగుతూ యంత్రాలనీ పనివాళ్లనీ గీసుకున్నాడు, కంపెనీ ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటోలు కూడా దగ్గర పెట్టుకున్నాడు. తర్వాత గోడ సైజులోనే పెద్ద పెద్ద కాగితాల మీద బొమ్మలు సిద్ధం చేసుకున్నాడు, అవి 1979లో మ్యూజియం స్టోర్‌రూమ్‌లోనే బయటపడ్డాయి. అయినా ఇవి ఫ్రెస్కోలు, ఫ్రెస్కో అంటే తడి సున్నపు పూత మీద వేసేది, ఆ రోజు పూసిన ముక్క ఆరేలోపు రంగు పడిపోవాలి, ఏం గీద్దామా అని బుర్ర గోక్కుంటూ నిలబడే టైమ్ ఎక్కడిది?

ఇంకోటి, మొదటి నుంచే 27 ప్యానెళ్లకు (విడివిడి చిత్రాలకు) ఒప్పందం కుదిరిందన్నట్టు కొందరికి అర్థమైంది. కాదు, మొదట మాట్లాడుకున్నది రెండు పెద్ద ప్యానెళ్లకే. హాలు చూశాక రివేరా నాలుగు గోడలూ కావాలన్నాడు, ఖర్చు పెట్టుకుంటున్న ఫోర్డ్ కంపెనీ అధ్యక్షుడు ఎడ్సెల్ ఫోర్డ్ డబ్బు పెంచాడు. 1933 మార్చికి పని పూర్తయింది. పాత పోస్టులో ఆ పేరా మార్చేశాను.