ఇంటర్ పిల్లల పాటంటే అంత అలుసా?

కె-పాప్ (కొరియా పాప్ పాటలు) వినే పిల్లల మీద మన పెద్దవాళ్ళు చదువుతున్న తిట్ల దండకం అందరికీ తెలిసిందే. బొమ్మల్లాంటి కుర్రాళ్ళు, మెషిన్ పాటలు, వెర్రెక్కిన ఆడపిల్లలు. సరిగ్గా ఇవే మాటలు పదిహేనేళ్ళ పైచిలుకు కిందట యూరప్‌లో ఇంకో బ్యాండు మీద పడ్డాయి. ఆ గొడవ ఎప్పుడో చల్లారింది కాబట్టి ఇప్పుడు తీరిగ్గా తీసి చూడొచ్చు. బ్యాండు జర్మనీకి చెందిన టోకియో హోటల్. ఆల్బం 2009 అక్టోబరులో వచ్చిన 'హ్యూమనాయిడ్'. గొప్ప ఆల్బం అనను. కానీ అప్పట్లో దాన్ని వినకుండానే తీసిపారేశారు, అది మాత్రం అన్యాయం.

కథ క్లుప్తంగా. మాగ్డెబర్గ్ దగ్గరి పల్లెలో పెరిగిన కవలలు బిల్, టామ్ కౌలిట్జ్. బిల్ పాడతాడు, టామ్ గిటార్. బేస్ మీద గేయోర్గ్ లిస్టింగ్, డ్రమ్స్ మీద గుస్తావ్ షేఫర్. 2005లో మొదటి పాటే జర్మనీలో నంబర్ వన్ అయ్యేనాటికి కవలలకి ఇంకా పదహారేళ్ళు నిండబోతున్నాయి. రుతుపవనాల వానని దాటుకుని నీ దగ్గరికొస్తానని పాడే పాట అది. నవంబరు వాయుగుండాల్లో నెల్లూరులో మోకాలి లోతు నీళ్ళలో నడిచినవాడెవడూ అంత తీయగా రాయడు, అది వేరే సంగతి! 2008 మార్చిలో బిల్ గొంతు పోయింది. కచేరీలు రద్దయ్యాయి, స్వరతంతువుల దగ్గర ఆపరేషన్ జరిగింది. ఆ తర్వాత స్టూడియోలో చేసిన మొదటి ఆల్బం ఇదే. అంతకుముందు ముందు వరసలో మోగిన గిటార్లు ఇందులో వెనక్కి జరిగాయి, సింథసైజర్లు (ఎలక్ట్రానిక్ చప్పుళ్ళు పుట్టించే కీబోర్డులు) ముందుకొచ్చాయి.

తిట్టినవాళ్ళ వాదన కూడా చెప్పాలి కదా. 2009లో రేడియో పెడితే లేడీ గాగా, బ్లాక్ ఐడ్ పీస్. ఎటు చూసినా ఎలక్ట్రానిక్ బీటే. గాలివాటం చూసి వీళ్ళూ అటే తిరిగారనీ, డెస్మండ్ చైల్డ్ లాంటి పేరున్న రచయితల్ని పిలిపించుకుని పాటలు చేయించుకున్నారనీ అన్నారు. కొంత నిజమే. మధ్యలో రెండు మూడు పాటలు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి, ఏ కోరస్ ఏ పాటదో గుర్తుండదు.

అయితే ఆల్బం దేని గురించో పట్టించుకుంటే ఆ వాదనలో బలం తగ్గిపోతుంది. 'ఆటోమేటిక్' పాట తీసుకోండి. ప్రేమ నటిస్తున్న మనిషిని మెషిన్ అంటున్నాడు ఆ కుర్రాడు. అన్నీ టైముకి జరుగుతున్నాయి గానీ లోపల ఏమీ లేదని అతని గోడు. కింద దరువు కూడా అలాగే కొట్టుకుంటుంది, ఎక్కడా తొట్రుపాటు లేకుండా, జాలి లేకుండా. దాని మీద బతిమాలుతున్న గొంతు ఒక్కటే మనిషిది. ఇదే పాటని గిటార్లతో ఊదరగొట్టి ఉంటే మామూలు విరహగీతం అయ్యేది. మెషిన్ గురించి పాడుతూ మెషిన్ చప్పుడు వాడటాన్ని ఫ్యాషన్ అని కొట్టేస్తే ఎలా? 'హ్యూమన్ కనెక్ట్ టు హ్యూమన్'లోనూ ఇదే గోల: ఇన్ని తీగల మధ్య మనిషికి మనిషి తగలడం ఎలా అని. ఇంగ్లీషు ఆల్బం 'నాయిజ్' అనే పాటతో, పేరుకి తగ్గ రభసతో మొదలవుతుంది. చివరికొచ్చేసరికి 'జూమ్ ఇన్‌టు మీ'లో పియానో, గొంతు. అంత మోత దాటి వచ్చాక వినిపించే ఆ పియానో విలువ వేరు. షఫుల్‌లో పెట్టుకుని ఒక పాట ఇక్కడ, ఇంకో పాట అక్కడ వినేవాడికి ఇది దొరకదు. ఆల్బంని జర్మన్‌లో కూడా విడిగా పాడి విడుదల చేశారు. జర్మన్ ముక్క రాకపోయినా నాకు అదే నచ్చింది. ఆ గొంతు ఆ భాషలో ఇంకా కరుకుగా, ఇంకా స్వేచ్ఛగా ఉంటుంది.

అసలు పాటలో మెషిన్ అంటే మనకి అంత ఎలర్జీ ఎప్పటి నుంచి? పద్యనాటకానికి ప్రాణమైన హార్మోనియం 19వ శతాబ్దపు యూరప్ సరుకు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) పలకదు, మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆలిండియా రేడియో దాన్ని గెంటేసింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. ఆ ముప్పై ఏళ్ళూ నెల్లూరు, ఒంగోలు నాటకాల పందిళ్ళలో రాగం తీసే నటుడి పక్కన హార్మోనియమే ఉంది, ఎవరూ లేచి వెళ్ళిపోలేదు. దర్శి వైపు తిరునాళ్ళలో రాత్రంతా సాగే పాటకచేరీ చూడండి: ఒక కీబోర్డు, ఒక జత ప్యాడ్స్. తబలా, డోలక్, డ్రమ్స్ అన్నీ ఆ ప్యాడ్స్‌లోంచే. తాతలు తెల్లవార్లూ కూర్చుని వింటారు. ఎనభైల్లో సింథసైజర్లు, డ్రమ్ మెషిన్లు సినిమా పాటలోకి చొరబడితే, వాటి మీద దర్జాగా పాడింది ఎవరు? హరికథకుడి ఇంట పుట్టిన మన నెల్లూరు బాలుగారే. ఆయన గొంతు మీద మెషిన్ మరక పడిందని ఎవరన్నా అన్నారా?

కాబట్టి గొడవ మెషిన్ గురించి కాదు. వింటున్నది ఎవరన్నదే గొడవ. పదిహేనేళ్ళ ఆడపిల్లకి నచ్చిందంటే అది నాసిరకమే అయ్యుంటుందని ముందే తేల్చేసుకోవడం ఉంది చూశారూ, అక్కడే వస్తుంది చిక్కంతా. ఇది మన దగ్గరే కాదు. 1964లో పాల్ జాన్సన్ అనే బ్రిటిష్ రచయిత న్యూ స్టేట్స్‌మన్ పత్రికలో బీటిల్స్ అభిమానుల మీద ఏకంగా ఒక వ్యాసమే రాసి, ఆ కేకలు పెట్టే పిల్లల్ని చీదరించుకున్నాడు. ఆ పిల్లల చెవులే సరిగ్గా పనిచేశాయని ఇప్పుడు ఒప్పుకోనివాడు లేడు. బిల్ కాటుక గురించి, గాల్లోకి లేచిన జుట్టు గురించి వెటకారాలు ఇంకో రకం. స్థానం నరసింహారావు సత్యభామ వేషం కడితే జడకి దండం పెట్టిన జాతి మనది. జర్మన్ కుర్రాడు కాటుక పెట్టుకుంటే మాత్రం సంస్కృతి గుర్తొస్తుంది.

ఇక్కడ నాకు అసలు మంటెత్తించేది వేరే ఉంది. టోకియో హోటల్ పిల్లలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. పదేళ్ళు దాటినప్పటి నుంచీ కవలలు మాగ్డెబర్గ్‌లో చిన్న చిన్న వేదికల మీద వాయించుకుంటూ తిరిగారు. తప్పులు చేయడానికి, పదిమంది ముందు బెదిరిపోవడానికి వాళ్ళకి చోటు దొరికింది. మన పదిహేనేళ్ళవాడు ఏం చేస్తున్నాడు? ఎంపీసీలో చేరి హాస్టల్లో ఉన్నాడు. తెల్లారుజామున స్టడీ అవర్, రాత్రి స్టడీ అవర్, ఆదివారం టెస్టు. ఫోను వార్డెన్ దగ్గర. గిటారు ఇంట్లో అటక మీద. నెల్లూరులో, ఒంగోలులో హాళ్ళకేం తక్కువ లేదు. సన్మానాలకి, వర్ధంతులకి, పార్టీ మీటింగులకి దొరికే హాలు నలుగురు పిల్లలు ఆంప్లిఫయర్ మోసుకొస్తే దొరకదు. అద్దె ఎవరు కడతారు, కరెంటు బిల్లు ఎవరిది, పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. ఆ పిల్లల్ని పాడనివ్వం, వాళ్ళు వినే పాటనీ వినం. వాళ్ళ టేస్టు మీద మాత్రం తీర్పు రెడీగా ఉంటుంది.

కార్పొరేషన్ వాళ్ళు నెలకి ఒక్క శనివారం సాయంత్రం ఒక హాలుని పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అద్దె లేకుండా వదిలేస్తే కొంప మునగదు. స్పీకర్లు, మిక్సరు, మైకుసెట్టు వాళ్ళ దగ్గరున్నవే చాలు. కాలేజీలు ఆ పూటకి స్టడీ అవర్ ఎత్తేయాలి, అది మటుకు కలెక్టరుగారు గట్టిగా చెబితేగానీ జరిగే పని కాదు.