లైనక్స్ డెస్క్‌టాప్ జోలికి వెళ్ళొద్దంటున్న మెసేజ్‌కి జవాబు

కొత్తగా లైనక్స్ వేసుకున్నవాళ్ళకి ఈమధ్య ఎవరో ఒకరు ఒక మెసేజ్ ఫార్వర్డ్ చేసేస్తున్నారు, మంచి మనసుతోనే పంపుతున్నారు లెండి, కానీ చదివితే మాత్రం చిరాకొస్తుంది. అందులో ఉన్నది ఇదీ: డెస్క్‌టాప్ కస్టమైజ్ చేయాలంటే ఆర్చ్ (లైనక్స్ రకాల్లో, అంటే డిస్ట్రోల్లో ఒకటి) ఉండాలి, టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసే విండో) కొట్టిన పిండి అయ్యుండాలి. చేస్తే సిస్టమ్ స్లో అవుతుంది. ఒక్క అప్‌డేట్ వచ్చిందంటే చేసిందంతా పోతుంది, ఫార్మాట్ కొట్టడమే దిక్కు. ఇదంతా స్క్రీన్‌షాట్ల పిచ్చి, పనిచేసుకునేవాళ్ళకి అనవసరం. మరీ సరదాగా ఉంటే స్టోర్‌లోంచి రెడీమేడ్ థీమ్ ఒకటి వేసుకోండి, రంగులే కదా, దానికేం రిస్క్ ఉండదు. భయపడక్కర్లేని చోట భయపెట్టి, జాగ్రత్తగా ఉండాల్సిన చోట ధైర్యం చెప్పారు, అదీ నా బాధ.

ముందు ఆర్చ్ సంగతి. ప్యానెల్, మెనూ, విండో బోర్డర్లు, షార్ట్‌కట్లు, ఇవేవీ డిస్ట్రోవి కావు, డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్‌వి, అంటే తెరమీద కనపడేదాన్నంతా నడిపే ప్రోగ్రాముల కట్టవి. అలాంటివాటిలో కేడీఈ మొదలైంది 1996లో, గ్నోమ్ 1997లో, ఆర్చ్ మొదటి రిలీజ్ వచ్చింది 2002లో, మరి అప్పటిదాకా జనం ప్యానెళ్ళు జరుపుకోకుండా చేతులు కట్టుకుని కూర్చున్నారా? డెబియన్ డిస్ట్రోలో ప్లాస్మా (కేడీఈ వాళ్ళ డెస్క్‌టాప్) వేసినా ఫెడోరాలో వేసినా ఆ సెట్టింగ్స్ విండోనే వస్తుంది, వెర్షన్ కాస్త అటూఇటూ ఉంటుందంతే. టెర్మినల్ కూడా అక్కర్లేదు, ప్లాస్మాలో ప్యానెల్ మీద రైట్ క్లిక్ కొడితే ఎడిట్ మోడ్ వస్తుంది, ఎక్స్ఎఫ్‌సీఈ, సినమన్ లాంటి వేరే డెస్క్‌టాప్‌లలో కూడా చాలావరకు మౌస్‌తోనే అయిపోతుంది. ఆర్చ్ వికీ మాత్రం బంగారం, అది ఏ డిస్ట్రో వాళ్ళైనా చదువుకోవచ్చు.

స్లో అవుతుంది అన్నదాంట్లో ఏది ఎంత బరువో చూడకుండా అన్నీ ఒకే గాట కట్టేశారు. జీటీకే (గ్నోమ్ లాంటివాటి యాప్‌లలో బటన్లూ మెనూలూ గీసే లైబ్రరీ) థీమ్ అంటే సీఎస్ఎస్ ఫైల్ (రంగులూ సైజులూ రాసుకునే టెక్స్ట్), కొన్ని బొమ్మలు, ఐకాన్ ప్యాక్ అంటే ఎక్కువగా ఎస్‌వీజీ బొమ్మల ఫైళ్ళు, ఇవి సీపీయూని నిమిషం నిమిషం తినవు. తినేవి వేరు: వీడియో వాల్‌పేపర్, సెకనుకోసారి నాలుగు స్క్రిప్టులు నడిపించే కాంకీ (డెస్క్‌టాప్ మీద సిస్టమ్ వివరాలు చూపించే ప్రోగ్రామ్) సెటప్, పాత ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ మీద ఎడాపెడా బ్లర్. గ్నోమ్ ఎక్స్‌టెన్షన్లైతే (గ్నోమ్‌కి తగిలించుకునే చిన్న చేర్పులు) విడిగా నడవవు, తెరని నడిపే గ్నోమ్ షెల్ ప్రాసెస్‌లోనే నడుస్తాయి, కాబట్టి ఒక్కటి సరిగ్గా రాయకపోయినా మొత్తం షెల్ నత్తనడక నడుస్తుంది, వేలాండ్‌లో (తెరమీద విండోలు చూపించే కొత్త పద్ధతి) షెల్ పడిపోతే సెషనే పోతుంది. ఇంకోటి, ర్యామ్ నిండిపోయిందని గగ్గోలు పెట్టేవాళ్ళు ఫ్రీ అన్న కాలమ్ చూస్తుంటారు, అందులో కెర్నల్ క్యాష్‌కి వాడుకున్నది కలవదు, చూడాల్సింది అవైలబుల్ అన్న కాలమ్.

ఇక అప్‌డేట్‌కి అంతా పోతుంది అన్నది. దీని మీద కాస్త ఎక్కువే చెప్పాలి ఎందుకంటే సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతున్నారు.

మామూలుగా ప్యాకేజ్ మేనేజర్ (అప్‌డేట్లు ఎక్కించే ప్రోగ్రామ్) మీ హోమ్ ఫోల్డర్‌లో వేలు పెట్టదు. మీరు మార్చుకున్నవన్నీ అక్కడే, డాట్ కాన్ఫిగ్ (.config), డాట్ లోకల్ (.local) అనే దాచిన ఫోల్డర్లలో ఉంటాయి. కేడీఈలో అవి మామూలు టెక్స్ట్ ఫైళ్ళు, రంగులూ ఫాంట్లూ కేడీఈగ్లోబల్స్ అన్న ఫైల్లో, విండోల్ని నడిపే కేవిన్ అనే ప్రోగ్రామ్ సంగతి కేవిన్ఆర్‌సీలో ఉంటుంది. గ్నోమ్‌లో డీకాన్ఫ్ అని ఒకే బైనరీ ఫైల్, దాన్ని డంప్ కమాండ్‌తో టెక్స్ట్‌గా తీసిపెట్టుకుని లోడ్ కమాండ్‌తో మళ్ళీ ఎక్కించుకోవచ్చు. మరి పోయాయని ఎందుకంటారు? కొంతమంది యూఎస్ఆర్ (/usr) ఫోల్డర్ కిందున్న సిస్టమ్ ఫైళ్ళనే ఎడిట్ చేస్తారు, వాటిని అప్‌డేట్ తుడిచేయడం ఖాయం, ఆ థీమ్‌ని హోమ్‌లోకి కాపీ చేసుకుని మార్చుకుంటే ఆ గొడవే లేదు. కొంతమందికి గ్నోమ్ 42 నుంచి థీమ్ పనిచేయడం మానేసింది, అది పోవడం కాదు, గ్నోమ్ యాప్‌లు చాలావరకు లిబ్అద్వైతా అనే కొత్త లైబ్రరీకి మారాయి, అది మామూలు జీటీకే థీమ్‌లని లెక్కచేయదు. ఎక్స్‌టెన్షన్ల విషయంలో మాత్రం మెసేజ్ రాసినవాళ్ళదే రైట్, గ్నోమ్ ఆర్నెల్లకోసారి వస్తుంది, ఎక్స్‌టెన్షన్ తన మెటాడేటాలో ఆ వెర్షన్ పేరు రాసుకోకపోతే ఆగిపోతుంది, 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చినప్పుడైతే మాడ్యూళ్ళని పిలిచే పద్ధతే మార్చేశారు, పాత ఎక్స్‌టెన్షన్లన్నిటినీ దానికి తగ్గట్టు మార్చాల్సొచ్చింది. అందుకే ఎక్స్‌టెన్షన్లు రెండు మూడు మించి పెట్టుకోవద్దంటాను.

సరే, ఏదో అయింది, ప్లాస్మాలో లాగిన్ అవగానే ప్యానెల్ లేదు, నల్ల స్క్రీన్, మౌస్ బాణం ఒక్కటే తిరుగుతోంది. ఫార్మాట్ ఎందుకండీ? రీస్టార్ట్ చేసి, లాగిన్ అవ్వకుండా ఆ లాగిన్ స్క్రీన్ దగ్గరే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కితే టెక్స్ట్ కన్సోల్ వస్తుంది, అక్కడ యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కొట్టి, డాట్ కాన్ఫిగ్‌లో ప్లాస్మాతో మొదలై యాప్లెట్స్ఆర్‌సీ అని ముగిసే పొడుగు పేరు ఫైల్ ఒకటుంటుంది, దాని పేరు మార్చేయండి. డిలీట్ కాదు, పేరు మార్చడమే, చివర పాత అని తగిలించినా చాలు. వెనక్కొచ్చి లాగిన్ అయితే డిఫాల్ట్ ప్యానెల్ వచ్చేస్తుంది. రాకపోతే కొత్త యూజర్‌ని క్రియేట్ చేసి అందులోకి వెళ్ళి చూడండి, అక్కడ బాగుంటే తప్పు మీ హోమ్‌లో ఉన్నట్టు, అక్కడా అదే గోలైతే డ్రైవరో ప్యాకేజో చూసుకోవాలి. చాలామంది చెప్తుంటారు డాట్ కాన్ఫిగ్ మొత్తం లేపేయమని, ఆ పని మాత్రం చేయకండి, క్రోమియం లాంటి బ్రౌజర్ల ప్రొఫైల్ కూడా అందులోనే ఉంటుంది, ప్యానెల్ కోసం పోయి బుక్‌మార్కులు పోగొట్టుకుంటారు.

స్క్రీన్‌షాట్ల పిచ్చి అంటారా, ఉంది, కాదనను. వెనకాల వాల్‌పేపర్ కనపడే టెర్మినల్‌లో కోడ్ ఎలా చదువుతారో నాకిప్పటికీ అర్థం కాదు. కానీ కస్టమైజేషన్ అంటే అదొక్కటే కాదుగా. పొరపాటున తప్ప ఎవరూ నొక్కని క్యాప్స్‌లాక్‌ని కంట్రోల్‌గానో ఎస్కేప్‌గానో మార్చుకోవడం, చూపు ఆనకపోతే మౌస్ బాణం పెద్దది చేసుకోవడం, ఒక్కో వర్క్‌స్పేస్‌కి ఒక్కో పని కేటాయించుకోవడం, ఇవేవీ ఫొటోలో కనపడవు, రోజంతా పనికొచ్చేవి ఇవే. ఐ3, స్వే లాంటి టైలింగ్ (విండోలు ఒకదానిమీదొకటి పడకుండా పక్కపక్కనే సర్దే పద్ధతి) కావాలా వద్దా అన్నది మీ అలవాటు, అదేం పరీక్ష కాదు.

అన్నిటికన్నా నాకు గుండె గుభేలుమన్నది చివరి మాట, రెడీమేడ్ థీమ్‌కి రిస్క్ ఉండదన్నది. 2024 మార్చిలో ఏమైందంటే, ఒకాయన కేడీఈ స్టోర్ నుంచి గ్లోబల్ థీమ్ ఒకటి ఇన్‌స్టాల్ చేసుకున్నాడు, అది ఆయన ఫైళ్ళన్నీ తుడిచిపెట్టేసింది, ఆ తర్వాత కేడీఈ వాళ్ళే జాగ్రత్తగా ఉండమని జనానికి చెప్పుకోవాల్సొచ్చింది. గ్లోబల్ థీమ్ అంటే రంగులొక్కటే కాదు, దాంతోపాటు విడ్జెట్లూ స్క్రిప్టులూ వస్తాయి, అవి మీ యూజర్ పర్మిషన్‌తో నడుస్తాయి. మీ ఫొటోలు డిలీట్ చేయడానికి రూట్ (అడ్మిన్) పాస్‌వర్డ్ అక్కర్లేదు కదా, వైరస్ కూడా అక్కర్లేదు, చేతకాకుండా రాసిన ఒక్క లైన్ చాలు.

కాబట్టి కలర్ స్కీమ్, మామూలు బొమ్మ వాల్‌పేపర్, ఐకాన్లు నిశ్చింతగా వేసుకోండి, అవి ఉత్త డేటా. గ్లోబల్ థీమ్, విడ్జెట్, కేవిన్ స్క్రిప్ట్, ఎవరో పెట్టిన డాట్‌ఫైల్స్ (వాళ్ళ సెట్టింగుల ఫైళ్ళు) ఇన్‌స్టాలర్, ఇవి ప్రోగ్రాములు. గ్నోమ్ సైట్‌లో ఎక్స్‌టెన్షన్ పెట్టేముందు ఒకరు కోడ్ చూస్తారు, అన్ని చోట్లా అలా చూడరు. ఇన్‌స్టాలర్ నడిపేముందు ఎడిటర్‌లో తెరిచి ఆర్ఎమ్ (ఫైళ్ళు తుడిచే కమాండ్), సుడో (అడ్మిన్‌గా నడిపే కమాండ్) ఎక్కడెక్కడున్నాయో వెతకండి, అర్థం కాకపోతే వర్చువల్ మెషీన్‌లో వేసి చూడండి. బ్యాకప్ డ్రైవ్ మాత్రం ఆ సమయంలో పీకేసి పక్కన పెట్టండి, ఆ గ్లోబల్ థీమ్ వేసుకున్నాయనకి ఆ రోజు పోయినవాటిలో మౌంట్ చేసి ఉన్న డ్రైవ్‌లు కూడా ఉన్నాయి.