కన్సెంట్ అజెండాలో పోయిన బస్సు

మా రెండో క్లాసు పిల్ల బస్సు పోయింది. పోయిందంటే మిస్సయిందని కాదు, ఆ రూటే ఎత్తేశారు. కిందటేడు ఆగస్టులో స్కూలు తెరవడానికి వారం ముందు ఈమెయిల్ వచ్చింది. మీ ఇల్లు స్కూలుకి రెండు మైళ్ళ లోపే ఉంది, కాబట్టి ఈ ఏడాది నుంచి బస్సు రాదు అని. మా గుమ్మం నుంచి స్కూలు గేటుకి 1.7 మైళ్ళు. మేముండే అమెరికాలోని ఒహాయో రాష్ట్ర చట్టం ప్రకారం ఎనిమిదో క్లాసు దాకా పిల్లలకి రెండు మైళ్ళు దాటితేనే స్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఇక్కడి సర్కారు బడుల్ని నడిపే సంస్థ, బస్సు వెయ్యాలి. లోపల ఉన్నవాళ్ళకి వేస్తే వాళ్ళ మంచితనం, వెయ్యకపోతే అడగడానికి లేదు. ఇన్నేళ్ళూ వేశారు, మానేశారు. దారిలో అర మైలు మేర సైడ్‌వాక్ లేదు. జనవరిలో ఉదయం ఏడున్నరకి ఇక్కడ ఇంకా చీకటిగానే ఉంటుంది, మంచు సంగతి సరేసరి.

ఆ రోజు మా ఇళ్ళ కాలనీ తెలుగు వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. "ఇంత టాక్స్ కడుతున్నాం, ఇదేం న్యాయం" అని ఒకరు, "పిటిషన్ పెడదాం" అని ఇంకొకరు, కోపంతో ఎర్రబడ్డ మొహాల ఎమోజీలు పదిహేను. పిటిషన్ లింకు కూడా వచ్చింది. సంతకాలు తొమ్మిదయ్యాయి, అందులో రెండు మా ఇంట్లోవే.

సరే, ఈ బడుల మీద నిర్ణయాలు చేసే, జనం ఎన్నుకున్న స్కూల్ బోర్డు మీటింగుకి వెళ్ళి మాట్లాడదామనుకున్నాను. పబ్లిక్ కామెంట్ అని ఉంటుంది, మనిషికి మూడు నిమిషాలు. రెండు రాత్రులు కూర్చుని రాసుకున్నాను, మా ఆయన ముందు చదివి టైము చూసుకున్నాను. మీటింగులో చేతులు వణుకుతున్నా పూర్తిగా చదివేశాను. బోర్డు ప్రెసిడెంట్ "థాంక్యూ" అంది. అంతే. జవాబు లేదు, ప్రశ్న లేదు, తర్వాతి వాళ్ళని పిలిచింది. పబ్లిక్ కామెంట్లో బోర్డు వినడమే తప్ప జవాబు చెప్పదని నాకు అప్పటికి తెలియదు. ఒళ్ళు మండిపోయింది.

మీటింగ్ అయ్యాక ట్రెజరర్ నా దగ్గరికి వచ్చి చాలా మర్యాదగా ఒక మాట చెప్పాడు. "అది జూన్‌లోనే పాసయిందండీ. కన్సెంట్ అజెండాలో."

ఇంటికొచ్చి జూన్ మీటింగ్ వీడియో పెట్టాను. ఎనిమిదో ఐటెమ్, దాని కింద ఎ, బి, సి, డి అంటూ పద్నాలుగు చిన్న ఐటెములు. పాత మినిట్స్ ఆమోదం, ఒక టీచర్ రాజీనామా, ఫుట్‌బాల్ టీముకి ఎవరో ఇచ్చిన విరాళం, పాల కాంట్రాక్టు, ఫీల్డ్ ట్రిప్పు, వీటి నడుమ "ట్రాన్స్‌పోర్టేషన్ ప్లాన్ సవరణ" అని మూడు మాటలు. ఒకరు మోషన్, ఇంకొకరు సెకండ్, రోల్ కాల్, ఐదుగురూ ఎస్. నలభై సెకన్లు. మా పిల్ల బస్సు పాల కాంట్రాక్టుకీ ఫీల్డ్ ట్రిప్పుకీ మధ్యలో పోయింది. కెమెరాలో ప్రేక్షకుల కుర్చీలు కనిపిస్తున్నాయి, అన్నీ ఖాళీ. మేమెక్కడున్నాం అప్పుడు? ఇండియాలో మామిడిపళ్ళు తింటున్నాం.

ఈ కన్సెంట్ అజెండా అనేదాన్ని ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా దీంట్లోనే ఉంది. చర్చ అక్కర్లేదనుకున్న పనులన్నీ ఒక మూట కట్టి ఒకే ఓటుతో దాటించేస్తారు. అందులో తప్పేమీ లేదు. ప్రతి రాజీనామా మీదా ఐదుగురూ మాట్లాడుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. కానీ మూటలో ఏది వెయ్యాలో నిర్ణయించేది ఎవరు? మామూలుగా డిస్ట్రిక్ట్ బడులన్నిటినీ నడిపే పెద్ద ఉద్యోగి సూపరింటెండెంటూ, బోర్డు ప్రెసిడెంటూ కలిసి. బోర్డు మెంబర్లలో ఏ ఒక్కరైనా "ఇది బయటికి తియ్యండి, విడిగా మాట్లాడదాం" అంటే చాలు, తియ్యాల్సిందే. అంటే జూన్‌లో మాలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఒక మెంబరుకి నాలుగు లైన్ల ఈమెయిల్ కొట్టి ఉంటే, కనీసం ఆ విషయం మీద పది నిమిషాలు మాట్లాడేవాళ్ళు. బస్సు ఆగేదని చెప్పను. సైడ్‌వాక్ లేని రోడ్డు గురించి ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

అప్పట్నుంచి నెలనెలా వెళ్తున్నాను. మా ఆయన దీన్ని నా "నెల సీరియల్" అంటాడు. మిడిల్ స్కూలు లైబ్రరీలో, పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చోవాలి. ఐదుగురు మెంబర్లు, నాలుగేళ్ళ పదవి. వాళ్ళ కింద నేరుగా ఇద్దరే ఉద్యోగులు: సూపరింటెండెంట్, ట్రెజరర్. ఒహాయోలో ఈ ఇద్దరినీ బోర్డు విడివిడిగా నియమిస్తుంది, ట్రెజరర్ సూపరింటెండెంట్ చేతి కింద మనిషి కాదు. ఇది నాకు భలే నచ్చింది. లెక్కలు రాసేవాడు పెత్తనం చేసేవాడికి జీ హుజూర్ అనక్కర్లేదు.

వాళ్ళు దొంగల్లా ఉంటారనుకుని వెళ్ళాను. కాదు. ఒకాయన రిటైరైన సైన్సు టీచరు, ఒకామె నర్సు, ఒకాయనకి సోయాబీన్ పొలం ఉంది, కోతల కాలంలో బూట్ల మట్టితో వస్తాడు. పగలంతా పని చేసుకుని వచ్చి రాత్రి తొమ్మిదిన్నర దాకా పైకప్పు టెండర్ల గురించి మాట్లాడే మనుషులు. నాకు వాళ్ళ మీద కోపం చాలావరకు పోయింది. మిగిలిన కోపం వేరే రకం.

వాళ్ళు ఏదీ దాచిపెట్టరు. అన్నీ పెడతారు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి 230 పేజీల పీడీఎఫ్ వెబ్‌సైటులో పడుతుంది, మీటింగ్ సోమవారం. 230 పేజీల్లో ఒక లైను మన పిల్లకి సంబంధించింది. అది ఎక్కడుందో వెతుక్కోవడం మన ఖర్మ. తలుపులు తెరిచే ఉంటాయి, లోపల విసుగు కాపలా కాస్తుంటుంది. తలుపు తాళం వేస్తే అయినా మనం గొడవ చేస్తాం, విసుగు మీద గొడవ ఎలా చేస్తాం? నిజంగా తలుపులు మూసేది ఎగ్జిక్యూటివ్ సెషన్‌కే. దానికి మాత్రం చట్టం గట్టిగానే ఉంది. ఉద్యోగుల విషయం, కోర్టు కేసు, స్థలం కొనుగోలు లాంటి కారణం ఏదో ముందు చెప్పి ఓటేసి లోపలికి వెళ్ళాలి, నిర్ణయం మాత్రం బయటికొచ్చి అందరి ముందే చెయ్యాలి. జనం ఆ మూసిన గది గురించి రకరకాలుగా అనుమానపడతారు గానీ, నన్నడిగితే తెరిచిన గదిలో నలభై సెకన్లే ఎక్కువ ప్రమాదం.

జనం ఎప్పుడూ రారా అంటే, వస్తారు. మార్చిలో లైబ్రరీలో రెండు పుస్తకాలు ఉండాలా తీసెయ్యాలా అని గొడవ లేచింది. మీటింగ్ కేఫటేరియాకి మార్చాల్సి వచ్చింది. నిలబడ్డానికి చోటు లేదు. రెండు వైపుల వాళ్ళూ టీషర్టులు వేయించుకొచ్చారు. రెండున్నర గంటలు అమెరికా రాజ్యాంగం గురించి విన్నాను. ఏప్రిల్‌లో మళ్ళీ లైబ్రరీ, మళ్ళీ చిన్న కుర్చీలు. ఆ రోజు ఎజెండాలో స్పెషల్ ఎడ్యుకేషన్ సహాయకుల పోస్టులు, సబ్‌స్టిట్యూట్ టీచర్ల రోజు కూలీ, ఉద్యోగుల హెల్త్ ఇన్సూరెన్స్ పెంపు ఉన్నాయి. బడ్జెట్‌లో సింహభాగం జీతాలూ ఇన్సూరెన్సే, మిగతాదంతా చిల్లర. ప్రేక్షకులం నలుగురం. ఒకాయన కరెంట్ పోయిందేమో ఇంట్లో, ఫోన్ చార్జింగ్ పెట్టుకుని కూర్చున్నాడు. ఊరి పత్రిక వాళ్ళ కుర్చీ ఒకటి ముందు వరసలో ఉంటుంది, పత్రిక మూతపడి చాలా ఏళ్ళయిందట, కుర్చీ మాత్రం ఇంకా అక్కడే వేస్తారు.

ఇంతకీ బస్సు ఎందుకు తీసేశారు? డబ్బు. కోవిడ్ సాయంగా వచ్చిన ఫెడరల్ నిధుల గడువు 2024 సెప్టెంబరు 30తో తీరిపోయింది, దాంతో నడుపుతున్నవన్నీ సొంత ఖర్చు మీద పడ్డాయి. డ్రైవర్లు దొరకరు. ఉన్న బస్సులతోనే ప్రైవేటు స్కూళ్ళ పిల్లల్నీ, సర్కారు డబ్బుతో విడిగా నడిచే చార్టర్ స్కూళ్ళ పిల్లల్నీ కూడా మొయ్యమంటుంది రాష్ట్ర చట్టం. అన్నిటికీ మించి, లెవీ ఓడిపోయింది.

లెవీ అంటే ఊరి జనం ఓటేసి తమ మీద తామే వేసుకునే ఆస్తి పన్ను. దీన్ని మిల్లుల్లో కొలుస్తారు. మొదటిసారి విన్నప్పుడు నాకు మా తాతయ్య వడ్ల మిల్లు గుర్తొచ్చింది. ఒక మిల్లు అంటే పన్ను విలువలో వెయ్యి డాలర్లకి ఒక డాలర్. పన్ను విలువ మార్కెట్ విలువలో 35 శాతం. మూడు లక్షల డాలర్ల ఇల్లయితే లక్షా ఐదు వేల మీద లెక్క, మిల్లుకి ఏడాదికి 105 డాలర్లు. ఐదు మిల్లుల లెవీ అంటే 525. నెలకి నలభై నాలుగు డాలర్లకి కాస్త తక్కువ.

ప్రతి రెండు మూడేళ్ళకీ చిప్ప పట్టుకుని వస్తారేంటి అని మనవాళ్ళు విసుక్కుంటారు. నేనూ విసుక్కున్నాను. దీని వెనక 1976 నాటి హౌస్ బిల్ 920 ఉంది. ఇళ్ళ ధరలు పెరిగినా, పాత లెవీ మీద వసూలయ్యే మొత్తం దాదాపు మొదట ఓటేసిన చోటే ఉండేలా రేటు దానంతటదే తగ్గుతుంది. డీజిల్ ధర ఆగదు, జీతాలు ఆగవు, లెవీ మాత్రం ఆగిపోతుంది. అందుకే మళ్ళీ మళ్ళీ బ్యాలెట్ మీదికి. ఇలా ఆస్తి పన్ను మీద ఇంతగా ఆధారపడడం రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఒహాయో సుప్రీంకోర్టే 1997లో డిరాల్ఫ్ కేసులో చెప్పింది. తర్వాతా చెప్పింది. చిప్ప ఇంకా బోర్డు చేతిలోనే ఉంది.

ఇప్పుడు మన సంగతి. ఇల్లు కొనేటప్పుడు మనం చూసేది ఏంటి? స్కూల్ రేటింగ్. తొమ్మిదా, పదా? ఎనిమిదైతే మొహం చిట్లిస్తాం. ఆ పదిని చూసి అప్పు చేసి మరీ కొంటాం. కొన్నాక ఆ పది దానంతటదే పదిగా ఉంటుందనుకుంటాం, చెరువులో నీళ్ళలాగా. "మాకు ఓటు లేదు కదా వదినా, మేమొచ్చి ఏం చేస్తాం" అంటుంది పక్క వీధి అమ్మాయి. నిజమే, గ్రీన్ కార్డు ఉన్నా ఓటు లేదు. 2022లో ఒహాయో రాజ్యాంగ సవరణతో స్థానిక ఎన్నికల్లో కూడా పౌరులకే ఓటు అని ఖాయం చేశారు. కానీ మైకు ముందు మూడు నిమిషాలకి పాస్‌పోర్టు ఎవరూ అడగరు. ఈమెయిల్ పంపడానికి అసలే అడగరు. పోనీ, ఓటున్నవాళ్ళయినా వేస్తున్నారా? బోర్డు ఎన్నికలు బేసి సంవత్సరం నవంబరులో వస్తాయి. అమెరికా ప్రెసిడెంట్ ఎన్నికల హడావుడి ఉండదు, వచ్చినట్టు కూడా తెలియదు.

అదే తెలుగు సంఘం ఎన్నికలైతే! ప్యానెళ్ళు, పోస్టర్లు, "అన్నా, మన ప్యానెల్‌కే వెయ్యాలి" అని రాత్రి పదకొండింటికి ఫోన్లు, కోర్టు కేసులు. ఆ ఉత్సాహంలో పదో వంతు ఇటు పెట్టినా ఈ ఐదు కుర్చీల్లో ఒకదాంట్లో ఈ పాటికి మనవాళ్ళు ఉండేవాళ్ళు. ఉండాలని పంతం ఏమీ లేదు. కనీసం ఎదురుగా వేసిన నలభై ఖాళీ కుర్చీల్లో ఒక నాలుగు.

ఇండియాలో మన ఇంటి దగ్గర ఏమన్నా బాగుందా అంటే అదీ లేదు. విద్యా హక్కు చట్టం 2009 ప్రకారం సర్కారు బడికి మేనేజ్‌మెంట్ కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళు. రాతలో ఇక్కడికంటే ఎంతో నయం. మా అక్క రెండేళ్ళు మెంబరుగా చేసింది. మీటింగ్ ఎలా ఉంటుందే అని అడిగితే, "మీటింగేంటి? తీర్మానాల పుస్తకం ఇంటికే పంపిస్తారు, సంతకం పెట్టి పంపించెయ్యడమే" అంది. నవ్వాను అప్పుడు. ఇప్పుడు ఆలోచిస్తే అదీ కన్సెంట్ అజెండానే, కాకపోతే ఇక్కడ పీడీఎఫ్, అక్కడ పుస్తకం.

బస్సు తిరిగి రాలేదు, మీరు అడుగుతారని చెప్తున్నాను. మేం నలుగురం తల్లులం వంతులేసుకుని కార్లలో దింపుతున్నాం. అందులో ఇద్దరు తెలుగువాళ్ళు కూడా కాదు. కానీ ఫిబ్రవరిలో సోయాబీన్ పొలం ఆయనకి ఈమెయిల్ పెట్టాను, ఆ అర మైలు రోడ్డు ఫోటోలతో. మార్చి మీటింగులో పుస్తకాల రభస అంతా అయ్యాక, పదిన్నరకి, జనం వెళ్ళిపోయాక, ఆయన సైడ్‌వాక్ విషయం ఎత్తాడు. అది ఇక్కడి స్థానిక పాలన చూసే టౌన్‌షిప్ పరిధిలోది, లెటర్ రాద్దాం అన్నారు. రాశారు కూడా. లెటర్ కాపీ నా దగ్గర ఉంది. అంతకంటే ఏమీ జరగలేదు ఇంతవరకు.

వచ్చే సోమవారం మీటింగ్ ఆరున్నరకి. నిన్న సాయంత్రం పడిన పీడీఎఫ్ రాత్రి కూర్చుని చదివాను. 141వ పేజీలో, 9 ఎఫ్ ఐటెమ్ కింద, ఎలిమెంటరీ స్కూలు మొదలయ్యే టైము వచ్చే ఏడాది నుంచి ఇరవై అయిదు నిమిషాలు ముందే పెట్టాలని ఉంది. కన్సెంట్ అజెండాలోనే. ఆ పేజీ ఫోటో తీసి, ఎర్ర గీత గీసి గ్రూపులో పెట్టాను, ఎవరికి ఈమెయిల్ కొట్టాలో కూడా రాశాను.

ఒక బొటనవేలు వచ్చింది. దాని కింద, "తోడు పెరుగు ఎవరి దగ్గరైనా ఉందా అండీ?"

నా దగ్గర ఉంది. సోమవారం ఆరున్నరకి మిడిల్ స్కూలు లైబ్రరీకి వస్తే ఇస్తానని రాశాను.