ఆ నంబర్ల మీద గ్రైండర్ పెట్టకండి

పాత కారును అద్దంలా మెరిపించారని అందరూ పొగుడుతుంటే నాకు ముందు అనుమానం వస్తుంది, ఆ తర్వాత కోపం వస్తుంది. మెరుపు సరే, తలుపు లోపలి రేకు మీద గుద్ది ఉండాల్సిన అంకెలు ఏమయ్యాయి? ముందు మూత అంచున ఉండాల్సినవి ఎక్కడికి పోయాయి? అడిగితే "నున్నగా రావాలని గీకేశాం" అంటారు, అదేదో ఘనకార్యమైనట్టు. ఇది ఏ కారో నోరు విప్పి చెప్పగల ఆధారాన్ని డబ్బిచ్చి మరీ చెరిపించుకున్నారన్నమాట.

జర్మన్ స్పోర్ట్స్ కారు పోర్షే 356 సంగతి తీసుకోండి. దాని తలుపులు, ముందు మూత, వెనక ఇంజిన్ మూత ఏ బాడీకి ఆ బాడీకే చేత్తో సరిచేసేవారు. సీసం పూసి, ఆకురాయి పట్టి, చుట్టూ సందు సమానంగా వచ్చేదాకా దానితో కుస్తీ పట్టేవారు. అంతా కుదిరాక రంగు వేయడానికి మళ్లీ విప్పాలి. విప్పిన తలుపు పక్క కారు తలుపుతో తారుమారైతే పడిన శ్రమంతా వృథా. అందుకని ఒక్కో ముక్క మీద ఆ కారు ఛాసిస్ నంబరు, అంటే ఫ్యాక్టరీ ఒక్కో కారుకు ఇచ్చే గుర్తింపు సంఖ్యలోని చివరి అంకెలు గుద్దేవారు. కొనేవాణ్ణి నమ్మించాలన్న ఆలోచన ఆ పనివాళ్లకు లేదు. తమ పని తేలిక కావాలంతే. అరవై డెబ్బై ఏళ్ల తర్వాత వీటికి ఇంత విలువ వస్తుందని కలలోనైనా అనుకొని ఉండరు. అందుకే కాగితాల కన్నా ఆ వంకరటింకర అంకెల మీదే నాకు గురి. తలుపు మీద ఒకటి, మూత మీద ఇంకొకటి కనిపిస్తే ఆ కారు ఎప్పుడో దెబ్బతిని వేరే కారు భాగాలు తగిలించుకుందని తెలుస్తుంది. అదీ దాని చరిత్రే, దాచాల్సిన అవసరం లేదు.

చాలామందికి ఛాసిస్ నంబరంటే డాష్‌బోర్డు మీద రివెట్లతో బిగించిన పలకే. పలక ఒక కారు నుంచి ఇంకో కారుకు సులువుగా వలస పోతుంది. 1960ల మధ్య నుంచి జనరల్ మోటార్స్ తన పలకలకు పువ్వు ఆకారపు తల ఉన్న ప్రత్యేకమైన రివెట్లు వాడింది. వాటిని చూసి నమ్ముదామంటే ఇప్పుడు అచ్చం అలాంటివే తయారుచేసి అమ్ముతున్నారు. అదే కంపెనీ 1969 షెవర్లే కమారోలో నంబరులోని కొంత భాగాన్ని బాడీ రేకు మీద కూడా గుద్దింది, హీటర్ పెట్టె చాటున ఒకచోట. పెట్టె విప్పితేగానీ అది కనిపించదు. ఆ పెట్టె విప్పడానికి బద్ధకించి, పలక ఫోటో ఒక్కటి చూసి డబ్బు కుమ్మరించేవాళ్లను ఏమనాలి?

నంబరు అసలుదే అనుకున్నా, దాన్ని చదవడం ఇంకో తలనొప్పి. పదిహేడు అక్షరాల పద్ధతి అమెరికాలో 1981 మోడళ్లతో వచ్చింది. అంతకుముందు ఏ కంపెనీ లెక్క ఆ కంపెనీదే. పైన చెప్పిన కమారో నంబరు 12437తో మొదలైతే షెవర్లే, వీ8 ఇంజిన్, రెండు తలుపుల కూపే అని అర్థం. తర్వాతి 9 మోడల్ సంవత్సరం, ఆ పక్కన ఎన్ ఉంటే ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీ. అక్కడితో సరి. అది జెడ్28, అంటే కమారోలోని వేగవంతమైన ప్రత్యేక రకం, అవునో కాదో ఆ నంబరు చెప్పదు. అయినా "నంబరు సరిపోయింది, అసలైన జెడ్28" అని గుండెమీద చెయ్యి వేసుకొని చెప్పే అమ్మకందార్లకు కొదవ లేదు.

క్రైస్లర్ వాళ్లు ఇంతకన్నా ధారాళంగా చెప్పారు. 1971 ప్లిమత్ బారకుడా నంబరు బీఎస్27ఆర్1బీ అని మొదలైతే 27 అంటే కన్వర్టిబుల్, ఆర్ అంటే 426 హెమీ అనే శక్తివంతమైన ఇంజిన్. ఆ ఆర్ ఒక్కటే ధరను ఎక్కడికో తీసుకుపోతుంది. నిస్సాన్ స్కైలైన్‌దీ అదే కథ: కేజీసీ10 అయితే మామూలు రెండు తలుపుల కారు, కేపీజీసీ10 అయితే దాని వేగవంతమైన రకం జీటీ-ఆర్. మధ్యలో ఒక్క పీ. అది లేని బాడీలకు జీటీ-ఆర్ వేషం కట్టడం పెద్ద పనేమీ కాదు. వేషం కట్టడాన్ని నేను తప్పుపట్టను, చూడముచ్చటగానే ఉంటుంది. ఆ వేషానికి అసలు జీటీ-ఆర్ ధర అడిగితేనే ఒళ్లు మండుతుంది.

ఇంకో గందరగోళం బాడీ నంబరుది. పాత జనరల్ మోటార్స్ కార్లలో ఉండే ఫిషర్ బాడీ పలక మీద బాడీ నంబరు అని వేరే అంకెలుంటాయి. అది బాడీలు తయారుచేసిన విభాగం సొంత వరస. ఛాసిస్ నంబరుతో కలవదు, కలవనక్కరలేదు. కలవలేదని మంచి కారును దొంగ కారు అనేయకండి. ఆ పలక మీద రంగు, లోపలి సీట్ల కోడ్‌లు కూడా ఉంటాయి, అవి చూడండి.

ఇంజిన్ నంబరు విషయంలో అయితే మోసమే ఒక పరిశ్రమ. పాత అంకెలున్న చోటును చదును చేసి, కారుకు సరిపోయే కొత్త అంకెలు కొట్టేస్తారు. ఫ్యాక్టరీ యంత్రం ఆ ఇనుము మీద వదిలిన సన్నని సమాంతర గీతలు ఆ దెబ్బతో మాయమవుతాయి. టార్చి ఏటవాలుగా వేసి చూస్తే ఆ మోసం పట్టుబడుతుంది. అంకెలు మరీ చక్కగా, అన్నీ ఒకే లోతున ఉన్నా నాకు నచ్చదు. ఫ్యాక్టరీలో చేత్తో కొట్టిన అంకెలకు అంత క్రమశిక్షణ ఉండదు.

కాబట్టి రంగు గీకించే ముందు ఒక పని చేయండి. గుద్దిన ప్రతి నంబరునూ తుప్పుతో సహా దగ్గర నుంచి ఫోటో తీయండి. శాసనాలకు నకలు తీసినట్టు పల్చటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దండి. ఆ చోట్ల ఇసుక కొట్టొద్దని, పుట్టీ పెట్టొద్దని పనివాళ్లకు ముందే రాసివ్వండి. రేకు పూర్తిగా కుళ్లిపోయి మార్చక తప్పకపోతే, అంకెలున్న పాత ముక్కను పారేయకుండా కారు కాగితాలతో పాటు భద్రపరచండి. కొత్త రేకు మీద పాత అంకెలు కొట్టిస్తే ఎవరికీ తెలియదులే అని ఎవరైనా సలహా ఇస్తే, పని సగంలో ఉన్నా సరే, ఆ షెడ్డు నుంచి కారును వెనక్కి తెచ్చేసుకోండి.