మండింది కాబట్టి రై అనకండి

బోర్బన్, రై రెండూ అమెరికా విస్కీలే, మొదటిది ఎక్కువగా మొక్కజొన్నతో, రెండోది ఎక్కువగా రై అనే ధాన్యంతో కాస్తారు. ఏది గొప్పదని జరిగే తగువుల్లో సగానికి విస్కీతో సంబంధమే లేదు. ఒక బాటిల్‌లో ఆల్కహాల్ 45 శాతం, ఇంకోదాంట్లో 57. రెండూ పక్కపక్కన పోసుకుని, గొంతులో ఎక్కువ మండినదాన్ని చూపించి "అబ్బ, ఏం ఘాటు, రై అంటే ఇదీ" అని తీర్పు చెప్పేస్తారు. అది రై ఘాటు కాదు సార్, ఆల్కహాల్ మంట.

ముందు రెండింటి బలం సమం చేయండి. లెక్క చిన్నదే. అన్నిటినీ 45 శాతానికి దించుదాం. పోసిన మిల్లీలీటర్లను బాటిల్ మీది శాతంతో గుణించి 45తో భాగిస్తే, నీళ్లు కలిపాక మొత్తం ఎంత ఉండాలో తేలుతుంది. 57.5 శాతం ఉన్నది 20 మి.లీ. పోస్తే 25.5 వస్తుంది. అంటే ఐదున్నర మి.లీ. నీళ్లు కలపాలి. 50 శాతం దానికి రెండు మి.లీ. పైచిలుకు చాలు. మందుల షాపులో సూది లేని సిరంజి తెచ్చుకుంటే కొలత తప్పదు. ఐస్ మాత్రం వద్దు, చల్లబడితే వాసన పైకి లేవదు.

మూతి సన్నగా ఉండే గ్లాసులు తీసుకోండి, అన్నీ ఒకే రకం. పోశాక పది నిమిషాలు ముట్టుకోవద్దు. ముక్కు గ్లాసులోకి దూర్చకుండా, నోరు కాస్త తెరిచి పీల్చండి, స్పిరిట్ పోటు తగ్గుతుంది. మొదటి గుటక లెక్కలోకి రాదు, నాలుక సర్దుకోవడానికే అది. ఏది ఏదో మీకు తెలియకుండా పోసేది ఇంకొకరైతే, నంబర్లు గ్లాసు అడుగున ఉంటే ఇంకా మంచిది. నాలుగు గ్లాసులు దాటితే ముక్కు మొద్దుబారుతుంది. రుచి చూసి ఊసేయడం నామోషీ ఏమీ కాదు. పక్కన చికెన్ 65, మిర్చి బజ్జీ పెట్టుకుంటే మాత్రం ఈ కష్టమంతా దండగ. స్టఫ్ తర్వాత తినొచ్చు.

ఇక అసలు సంగతి. అమెరికా చట్టం ప్రకారం బోర్బన్‌కి కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, రై విస్కీకి కనీసం 51 శాతం రై ధాన్యం. మిగతా 49లోనే ఉంది కథంతా. ఫోర్ రోజెస్ అనే బోర్బన్ కంపెనీ వాడే రెండు ధాన్యపు పాళ్లలో ఒకదాంట్లో 35 శాతం రై ఉంటుంది, అయినా అది బోర్బనే. అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు పాతకాలపు పద్ధతి రై విస్కీలలో చాలావాటికి రై 51 దగ్గరే ఆగుతుంది, తక్కినది ఎక్కువగా మొక్కజొన్నే. ఆ రెండూ అన్నదమ్ముల్లా ఉంటే ఆశ్చర్యం ఏముంది? అదే ఇండియానా రాష్ట్రంలోని లారెన్స్‌బర్గ్‌లో కాచే 95 శాతం రై తీసుకోండి. పుదీనా, మిరియం, వెనకాల సోయకూర వాసన. ఇది వేరే కులం. ఒక్క లవంగం వాసన పట్టుకుని రై అని మాత్రం తేల్చకండి, లవంగం కాల్చిన ఓక్ పీపా నుంచి కూడా వస్తుంది.

తేడా నిజంగా తెలుసుకోవాలంటే కెంటకీలోని న్యూ రిఫ్ అనే డిస్టిలరీ వాళ్ల బాటిల్డ్ ఇన్ బాండ్ (బలం 50 శాతం, వయసు కనీసం నాలుగేళ్లు ఉండాలని చట్టం పెట్టిన రకం) జత చూడండి. బోర్బన్‌లో 65 మొక్కజొన్న, 30 రై, 5 బార్లీ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ). రైలో 95 రై, 5 రై మాల్ట్. కాచింది ఒకే చోట, రెండూ 50 శాతం, రెండూ కనీసం నాలుగేళ్లవి. ఒకదాంట్లో కాగిన బెల్లం పాకం నాలుక మీద పరుచుకుంటుంది. రెండోదాంట్లో తీపి ముందే తప్పుకుని, శొంఠి నమిలినట్టు పొడి ఘాటు మిగులుతుంది. మంట సమానమే, రుచే వేరు.

చిన్నగా, శ్రద్ధగా కాచామని చెప్పుకోడానికి లేబుల్ మీద వేసే క్రాఫ్ట్ అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. దానికీ, స్మాల్ బ్యాచ్ (కొద్దికొద్దిగా తయారుచేసినది) అనే మాటకీ అమెరికా చట్టంలో నిర్వచనం లేదు. లేబుల్ వెనక్కి తిప్పి ఎక్కడ కాచారో చదవండి. అయోవా రాష్ట్రం పేరు చెప్పుకున్న టెంపుల్టన్ రై ఇండియానాలో కాచినదని కోర్టు దాకా వెళ్లి, 2015లో కొన్నవాళ్లకి కొంత డబ్బు వెనక్కిచ్చేలా రాజీ కుదిరింది. సరుకు బయట కొనడం తప్పు కాదు, ఆ ఇండియానా సరుకు మంచిదే. దాచడమే ఒళ్లు మండిస్తుంది.

నిజంగా సొంతంగా కాచేవాళ్లలో కొందరిది ఇంకో తొందర. మామూలు పీపా 53 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు. వీళ్లు 5, 10 గ్యాలన్ల బుల్లి పీపాల్లో పోసి ఏడాదికే బాటిల్‌లో దింపుతారు. చిన్న పీపాలో సారాయికి చెక్క ఎక్కువ తగులుతుంది కాబట్టి రంగూ వగరూ నెలల్లోనే దిగిపోతాయి. కానీ గాలి తగిలి పచ్చిదనం చావడానికి కాలమే కావాలి, దానికి అడ్డదారి లేదు. అందుకే చూడ్డానికి పన్నెండేళ్ల రంగు, నోట్లో రంపపు పొట్టు. నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన వస్తే అది వయసు లోపం కూడా కాదు, కాపులో మొదట దిగినదాన్ని సరిగ్గా వేరు చేయలేదని. దానికి నీళ్లు కలిపినా లాభం లేదు.

లేబుల్ మీద స్ట్రెయిట్ అని ఉంటే పీపాలో కనీసం రెండేళ్లు ఉన్నట్టు. నాలుగేళ్ల లోపుదైతే వయసు వేసి తీరాలి, వేయలేదంటే నాలుగు దాటిందని అర్థం. ఫలానా ఊరి నీళ్లు, తాతగారి రహస్యం అంటూ ముందువైపు రాసిన కథ కన్నా ఈ చిన్న అక్షరాలే నమ్మకం.

ఖాళీ గ్లాసులు రాత్రి కడగకండి. పొద్దున్నే వాసన చూడండి. పండిన విస్కీ అయితే అడుగున పాకం, ఎండు ఖర్జూరం ఇంకా ఉంటాయి. తొందరపడి దింపినదైతే తడిసిన ధాన్యం, పచ్చి చెక్క.